ఈసారి కరువెట్లుంది?

మే 29

హైదరాబాదు నుంచి ఫోను. ఒక పత్రికలో ఆదివారం పేజీలు చూసే అబ్బాయి. కుశలం కూడా అడగకుండా "అన్నా, ఈసారి కరువెట్లుంది?" అన్నాడు. ఎనిమిది వందల మాటలు కావాలంట, రెండు ఫోటోలు. ఒకటి ముసలి రైతు మొహం, దగ్గరగా. ఇంకొకటి పగుళ్ళిచ్చిన నేల. రోహిణి కార్తె ఇంకా పోలేదు, తొలకరి పడలేదు, కరువో కాదో ఆగస్టు దాటితే గానీ తెలియదని చెప్పినాను. "ముందే ఒకటి పెట్టుకుంటే మంచిది కదన్నా" అన్నాడు.

పగుళ్ళ సంగతి అతనికి తెలియదు. అనంతపురం నేల చాలా భాగం ఎర్రగరప. ఎండకు అది పగలదు. పైపొర బిగుసుకుపోతుంది, గాలికి దుమ్మయి లేస్తుంది. పగిలేది నల్లరేగడి. అది తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు ఉంది. అక్కడ రైతు వేసేది పప్పుశెనగ, పత్తి. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఎర్రచేను మీద ఎంత వెతికినా ఫోటోకు పనికొచ్చే పగులు దొరకదు. అందుకే మా జిల్లా కరువు వార్తలో కనపడే పగుళ్ళు చాలావరకు చెరువు అడుగున తీసినవి. చెరువు అడుగు మంచి వానపడిన ఏడాది తర్వాతి వేసవిలో కూడా అట్లనే ఉంటుంది.

ఈ సంగతే వ్యాసంగా రాస్తానన్నాను. "బాగుంటదన్నా, కానీ పేజీకి బొమ్మ కావాల కదా" అన్నాడు.

జూన్ 5

సబ్సిడీ విత్తనకాయలు ఇస్తున్న చోటికి పోయినాను. కదిరి-6 రకం. వేలిముద్ర పడని ముసలామె చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ పెడుతోంది. కూలిపనికి అరిగిపోయిన వేలు, యంత్రం ఒప్పుకోదు. ఎవరో సీసాలో నీళ్ళు తెచ్చి కడిగించినారు.

నేను రాసుకుంటుంటే వరుసలో ఉన్న ఒకాయన అడిగినాడు. "ఇదంతా రాసుకుంటే నీకేమొస్తాది సార్?"

"అచ్చయితే డబ్బులొస్తాయి."

"అచ్చు కాకుంటే?"

"రావు."

"అయితే నీకూ ఇన్సూరెన్సు లేదు" అని పక్కాయన భుజం తట్టి నవ్వినాడు. ఆయన అక్కడితో వదిలేసిన పోలికను నేను వ్యాసాల్లోకి లాగదలచుకోలేదు. నాకు రాకపోతే ఒక వ్యాసం డబ్బులు రావు. ఆయనకు రాకపోతే బంగారం తాకట్టుకు పోతుంది.

జూన్ 12

లెక్కలు చూసుకున్నాను. అందరికంటే పైన ఉన్నది అనువాదం. స్వచ్ఛంద సంస్థల నివేదికలు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు. తర్వాత ఒక రిటైరైన ఇంజినీరు ఆత్మకథ. ఆయన చెప్తాడు, నేను రాస్తాను, పుస్తకం మీద పేరు ఆయనది. ఆ తర్వాత ఆకాశవాణి అనంతపురం కేంద్రం. ప్రసంగానికి ముందే కాంట్రాక్టు కాగితం చేతికిస్తారు. ఎంత ఇస్తారో అందులో రాసి ఉంటుంది. రాసేవాడికి ఆ మాత్రం మర్యాద నేనెక్కడా చూడలేదు. మిగతాచోట్ల డబ్బు మాట ఎత్తితే, సాహిత్యం మాట్లాడుతున్నప్పుడు ఇదేం గోల అన్నట్టు చూస్తారు.

వ్యాసాలు నాలుగో వరుస. కథలు చివర. మొన్న అచ్చయిన కథకు పత్రికవాళ్ళు రెండు కాపీలు పంపినారు.

పిల్లోడి బడి ఫారంలో తండ్రి వృత్తి అనే గడి దగ్గర మా ఆవిడ పెన్ను ఆగింది. "ఏం రాయాల?" "ఫ్రీలాన్స్ జర్నలిస్టు అని రాయి." "ఏ పేపరు అని అడుగుతారు." ఒక నిమిషం ఆలోచించి వ్యవసాయం అని రాసింది. నాయన పేరు మీద మూడెకరాలు ఉన్న మాట నిజమే. కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది.

జూన్ 17

తిరుమల రామచంద్ర గారి 'హంపీ నుంచి హరప్పా దాక' మళ్ళీ తీసినాను. 1913లో అప్పటి అనంతపురం జిల్లా పల్లెలో పుట్టిన మనిషి. సంస్కృతం చదివినాడు, స్వాతంత్ర్యోద్యమంలో తిరిగినాడు, లాహోరు పోయి అక్కడ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో తాళపత్రాలకు, రాతప్రతులకు వివరణ రాసే పని చేసినాడు, తర్వాత జీవితమంతా తెలుగు పత్రికల్లో. ఆయన పాండిత్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఈసారి నేను ఆయనకు జీతం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తూ చదువుతున్నాను. ఊరు మారినప్పుడల్లా దానివెనక ఒక ఉద్యోగం వెతుక్కోవడం కనపడుతుంది. దేశాటన అని మనం పేరు పెట్టినదాంట్లో సగం పొట్టకూటి ప్రయాణం. ఆయన దాన్ని ఏడుపుగా రాయలేదు. దారిలో కలిసిన మనుషుల గురించి, తిన్న రొట్టె గురించి, విన్న భాష గురించి రాసినాడు. ఆ నిబ్బరం నాకు కావాల.

ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 2001లో వచ్చింది. ఆయన పోయింది 1997లో.

జూన్ 24

గాలి. ఆరుద్ర కార్తె వచ్చినా గాలే. మేఘాలు పడమర నుంచి వచ్చి ఊరు దాటి పోతాండాయి. టేబులు మీద కాగితాలన్నీ ఎర్రగా.

జూలై 6

ఆదివారం. మిత్రుడి కవితల పుస్తకం ఆవిష్కరణ. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి అయిదు వందల కాపీలు వేయించుకున్నాడు. వేదిక మీద ఏడుగురు, కింద నలభై మంది. ఏడుగురికీ శాలువాలు కప్పినారు. ఫ్యాను గాలి చాలని గదిలో ఉన్ని శాలువా ఎట్ల కప్పుకుని కూర్చుంటారో! మా ఇంట్లో పదేళ్ళ శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. చలి వచ్చే ఊరికి పెండ్లి చేసి పంపే ఆడబిడ్డ ఉంటే బాగుండునని మా అమ్మ అంటుంది.

సభ బాగా జరిగింది. నిజంగా బాగా జరిగింది. ఇద్దరు పుస్తకం చదివి వచ్చి మాట్లాడినారు, అది అరుదు. అయిపోయినాక ధర్మవరం నుంచి వచ్చిన మగ్గం నేసే పెద్దాయన ఒక కాపీ తీసుకుని రెండు వందల నోటు ఇచ్చినాడు. వెల నూట ఇరవై. చిల్లర ఎవరి దగ్గరా లేదు. పుస్తకం అమ్ముడుపోతుందని ఎవరమూ అనుకుని రాలేదు. కవి సిగ్గుపడి, "ఊరికే తీసుకోండి సామీ" అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "నేను చీర ఊరికే ఇయ్యను కదప్పా" అన్నాడు. కింద టీ కొట్టుకు పోయి చిల్లర మార్చుకుని వచ్చి, లెక్కపెట్టి ఇచ్చి పోయినాడు.

ఆ రోజు వేదిక మీద విన్న ఏ ప్రసంగం కంటే నాకు ఆ మాట గట్టిగా తగిలింది.

జూలై 14

అదే మిత్రుడితో పోస్టాఫీసుకు. సమీక్షలకు, తెలిసిన రచయితలకు కట్టలు కట్టి తెచ్చినాడు. చవకగా పుస్తకాలు పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేసినారని ఆయనకు కౌంటరు దగ్గర తెలిసింది. మామూలు పార్శిలు రేటు విని సగం కట్టలు సంచిలోకి మళ్ళీ పెట్టుకున్నాడు. చిన్న ఊరి రచయిత చేతిలో ఉన్న పంపిణీ అంతా ఆ ఒక్క రేటు మీదే నడిచింది. హైదరాబాదు, విజయవాడ పుస్తకాల షాపుల్లో మన పుస్తకం పెట్టేవాళ్ళు లేరు. బుక్‌పోస్టు ఉంటే శ్రీకాకుళంలో కారా మాస్టారు కట్టించిన కథానిలయానికి, ఢిల్లీలో ఉన్న చదువరికి ఒకే ధరకు చేరేది.

దారిలో, మూతపడిన పత్రికల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ నడిచినాము. 2020లో ఆంధ్రభూమి, నవ్య వీక్లీ. 2021లో విపుల, చతుర, తెలుగు వెలుగు, బాలభారతం. కరోనా మనుషులనే కాదు, కథకు డబ్బులిచ్చే చోట్లనూ కొట్టుకుపోయింది. చతురలో ఒక నవల పడితే నెల సంచిక మొత్తం ఒకే రచయితది. ఎంత ఇచ్చినారని కాదు, అచ్చయినాక ఫలానా తేదీకి డబ్బు పంపే పద్ధతి ఒకటి ఉండేది. ఇప్పుడు వచ్చే సంచికలు చాలా మటుకు ప్రేమతో నడిచేవి. ప్రేమతో నడిచే పత్రికను డబ్బులడగడానికి నోరు రాదు.

జూలై 30

మళ్ళీ ఫోను. "ఇప్పుడు చెప్పన్నా, డ్రై స్పెల్ ఎన్ని రోజులు?" ఈసారి ఒప్పుకున్నాను. బొమ్మనహాళ్ మండలం, దర్గా హొన్నూరు పోయినాను. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. నీళ్ళు లేని ఏటి ఇసుక గాలికి లేచి చేలమీద దిబ్బలు పోసింది. ఎడారి దృశ్యం కావాల్సిన సినిమావాళ్ళు రాజస్థాన్ పోకుండా ఇక్కడికి వచ్చి తీసుకుపోయినారు. ఆ సంగతిని మా అనంతపురం జర్నలిస్టు రాహుల్ ఎం. 'పారి'లో రాసినాడు. 2014 డిసెంబరులో పి. సాయినాథ్ మొదలుపెట్టిన పల్లె కథనాల వేదిక అది. రాహుల్ ఇసుకతో ఆగలేదు. కొర్ర, సద్ద, జొన్న పోయి శెనక్కాయ ఒక్కటే చేలన్నీ ఆక్రమించడం, చెట్టు పోవడం, బోర్లు లోతుకు పోవడం, అన్నీ ఆ ఇసుక వెనక నిలబెట్టినాడు.

నేను పంపిన వ్యాసంలో కూడా ఈ వెనక సంగతులు ఉన్నాయి. అచ్చయ్యేసరికి ఇసుక మిగిలింది. సాలుకు సగటున అయిదు వందల యాభై మిల్లీమీటర్ల వాన పడే చోట ఏ పంట వేయమని ఎవరు ప్రోత్సహించినారు, నూనెగింజల మీద అంత మోజు ఎట్లొచ్చింది అన్న పేరా స్థలాభావం వల్ల పోయింది. వాన రాకపోవడం దేవుడి పని. శెనక్కాయ ఒక్కటే మిగలడం మనుషుల పని. పత్రికకు దేవుడి పని చాలు.

ఆగస్టు 14

1926 ఆగస్టులో ఈ అనంతపురంలో 'శ్రీసాధన పత్రిక' పుట్టింది. వారపత్రిక, పప్పూరు రామాచార్యులు సంపాదకుడు. కాంగ్రెసు మనిషి, పత్రిక నడుపుతూనే జైళ్ళకు పోయినాడు. సొంత అచ్చుకూటం. పాత సంచికల ప్రతులు కొన్ని తెచ్చుకుని పొద్దుటి నుంచి చదువుతున్నాను. ఊళ్ళ వార్తల పక్కనే కథ, పద్యం పక్కనే ధరలు.

రాయలసీమలో కథ ఆలస్యంగా పుట్టిందనీ, 1941లో గుత్తి రామకృష్ణ రాసిన 'చిరంజీవి' మొదటిదనీ చాలాకాలం చెప్పుకున్నాము. అప్పిరెడ్డి హరినాథరెడ్డి ఈ పత్రిక సంచికలన్నీ తిరగేసి, 'సీమ సాహితీ స్వరం - శ్రీసాధన పత్రిక' రాసినాడు. దానికి 2014లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తర్వాత 1882 నుంచి 1944 దాకా వచ్చిన మొదటితరం సీమ కథలను కూడా ఒకచోటికి తెచ్చినాడు. కథలు లేక కాదు, వాటిని అచ్చేసిన కాగితాన్ని దాచేవాళ్ళు లేక మనకు చరిత్ర పొట్టిదయిపోయింది.

సాధన కంటే ముందే పప్పూరు, ఆయన స్నేహితులు 'వదరుబోతు' అని వ్యాసాలు రాసినారు. ఇంగ్లండులో అడిసన్, స్టీల్ నడిపిన స్పెక్టేటర్ వాళ్ళకు నమూనా. కింద రచయిత పేరుండదు. నేనూ పేరు లేకుండా రాస్తున్నాను గానీ నాది ఇంజినీరు గారి డబ్బు కోసం. వాళ్ళది ఎవర్నయినా ఏమయినా అనే వీలు కోసం. అచ్చుకూటం మనదైతే ఆ వీలు కూడా మనదే అవుతుంది. ఊళ్ళోనే ఉండి పత్రికనే బతుకుగా చేసుకున్న మనిషి నాకు ఈయన ఒక్కడే గట్టిగా కనపడుతున్నాడు. ఆయన ఎవరి దగ్గరా పారితోషికం అడగలేదు, తానే పత్రిక పెట్టుకున్నాడు.

ఆగస్టు 20

నిన్నటి నుంచి ఒక లెక్క బుర్రలో తిరుగుతోంది. మా జిల్లా కథకులు ఒక్కొక్కరూ ఏం పని చేసినారు?

సింగమనేని నారాయణ, బడిలో తెలుగు పంతులు. 'జూదం' రాసినాడు. 1992లో 'సీమ కథలు' సంకలనం తెచ్చి మా ప్రాంతం కథకు ఒక చిరునామా ఇచ్చినాడు. 2021లో పోయినాడు. చిలుకూరి దేవపుత్ర, రెవెన్యూ ఉద్యోగి. ఆఫీసు ఫైళ్ళ నడుమ చూసిన కులాన్ని 'పంచమం' నవలగా రాసినాడు. శాంతినారాయణ, అధ్యాపకుడు. 'నాగులకట్ట సుద్దులు' పేరుతో పత్రికలో మా యాసలో ఊరి రాజకీయం మాట్లాడించినాడు. బండి నారాయణస్వామి కూడా పంతులే. హండే పాలన కాలపు అనంతపురం మీద 'శప్తభూమి' రాసినాడు. తానా నవలల పోటీలో బహుమతి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ.

ఇంకా ఎన్ని పేర్లు రాసినా ఇదే వరస. ఈ కరువు నేల కథకు ఇన్నేళ్ళూ పెట్టుబడి పెట్టింది ప్రభుత్వ జీతం. ఒకటో తేదీకి జీతం పడే మనిషికి ఎడిటరు ఇష్టంతో పని లేదు. పగుళ్ళ ఫోటో అడిగేవాళ్ళు లేరు. వాన పడని చేను గురించి రాయాలనుకుంటే అది, తాసిల్దారు ఆఫీసు గురించి రాయాలనుకుంటే అది, రెండు వందల ఏళ్ళ కిందటి రాజు గురించి రాయాలనుకుంటే అది. బదులుగా వాళ్ళు ఇచ్చుకున్నది ఆదివారాలు, దసరా సెలవులు. కథ సెలవులో పూర్తవుతుంది, నవల కాదు. పెద్ద పుస్తకం ఉద్యోగం దిగినాక రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు రాస్తున్న పిల్లల సంగతి వేరు. ప్రైవేటు బళ్ళలో, కాంట్రాక్టు కొలువుల్లో ఉన్నారు. అడ్మిషన్ల కాలంలో ఇంటింటికి తిరగాల, ఆదివారం కూడా వాళ్ళది కాదు. జీతమున్న తరం వెనక జీతం లేని తరం వస్తోంది. మమ్మల్ని ఫ్రీలాన్సు అని వేరుగా చూడటం ఎందుకు, తొందర్లో అందరమూ అదే.

సెప్టెంబర్ 4

సాయినాథ్ 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్' పేరు విన్న ప్రతివాడూ అది అనంతపురం పుస్తకమనే అనుకుంటాడు. 1996లో వచ్చిన ఆ పుస్తకంలో ఉన్నవి ఐదు రాష్ట్రాల పేద జిల్లాలు, ఆంధ్ర అందులో లేనే లేదు. కరువు డబ్బు ఎవరెవరికి చేరుతుందో చెప్పే పేరు కాబట్టి మనకు మన ఊరు గుర్తొస్తుంది, అంతే. ఆయన నెలల తరబడి ఆ జిల్లాల్లో తిరగగలిగింది టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్ వల్ల. ముందుమాటల్లో ఆ సంగతి చదివి దాటిపోతాము. నాకు మాత్రం పుస్తకానికి అదే పునాది అనిపిస్తుంది.

ఇంకా వెనక్కు పోతే ధాత కరువు, 1876 నుంచి 78. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో ఉంది, వేరు జిల్లా అయింది 1882లో. ఆ కరువు మీద రెండు సంపుటాల పుస్తకం రాసినాయన విలియం డిగ్బీ, మద్రాసు టైమ్స్ సంపాదకుడు. కూలికి వచ్చినవాడికి రోజుకు ఒక పౌను గింజలు చాలని రిచర్డ్ టెంపుల్ కోత పెట్టిన వైనం అందులో ఉంది. అది చదివి మండిపడి, తర్వాత ఇంకొకటి ఆలోచించినాను. గంజి తాగినవాళ్ళలో ఎవరూ రాయలేదు. రాయగల తీరిక, కాగితం, అచ్చుకూటం మద్రాసులో ఉన్నాయి. కరువు ఒకచోట, దాన్ని రాసే డబ్బు ఇంకొకచోట. నూట యాభై ఏళ్ళకు మారింది తక్కువ.

సెప్టెంబర్ 18

చేలల్లో ఊడలు దిగే సమయం. పదును లేదు. ఊడ నేలలోకి దిగకపోతే కాయ లేదు, చెట్టు ఎంత పచ్చగా ఉంటే ఏం లాభం.

ఒక మండల కేంద్రంలో ఉన్న ఇంకో మిత్రుడి దగ్గరికి పోయినాను. జిరాక్సు కొట్టు, దాంతోపాటు ఒక పత్రికకు కంట్రిబ్యూటరు. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టినాక మిగతా పత్రికలు కూడా అదే దారి పట్టినాయి, ప్రతి మండలానికి ఒక మనిషి అవసరమైనాడు. మా మిత్రుడు ఆ అలలో వచ్చినవాడు. వచ్చిన వార్తలు కత్తిరించి, కాగితానికి అతికించి, స్కేలుతో సెంటీమీటర్లు కొలిచి నెలాఖరుకు పంపేవాడు. లైన్ అకౌంటు అనేవాళ్ళు. పెట్రోలుకు సరిపోయేది. అయినా ఆ పేజీల్లోనే మొదటిసారి మా పల్లెల బోరు, బడి, రచ్చకట్ట గొడవ అచ్చులోకి వచ్చినాయి. ఇప్పుడు స్కేలు మూలకు పోయింది. వార్త ఎంత పొడుగని ఎవరూ అడగరు, పండగకు ఎన్ని ప్రకటనలు తెస్తావని అడుగుతారు.

ఏ ఊళ్ళో ఏ బోరు ఎన్ని అడుగుల్లో ఎండిందో, ఎవరు బెంగుళూరు పోయినారో, ఎవరు కేరళ పోయినారో వాడికి తెలుసు. నేను రాసే వ్యాసానికి కావలసినదంతా వాడి నోటి నుంచి వస్తుంది. పేరు నాది పడుతుంది. వచ్చేదాంట్లో సగం వాడికి పంపడం మొదలుపెట్టినప్పుడు వద్దని గొడవ చేసినాడు. "ఇద్దరి పేర్లూ వేయించు, అది చాలు" అన్నాడు. ఫోటోగ్రాఫరు పేరు వేసినప్పుడు, ఊరి గురించి చెప్పినవాడి పేరు వేయడానికి కొన్ని పత్రికలకు ఏం అడ్డమో అర్థం కాదు. అడుగుతూనే ఉన్నాను.

అక్టోబర్ 6

వాన. మూడు రోజులుగా వాన. శెనక్కాయకు ఆలస్యం, కందికి ప్రాణం. చెరువులు నిండుతున్నాయి. ఒక్క ఫోను లేదు.

నేనే ఫోను చేసినాను. 2012లో హంద్రీ-నీవా నీళ్ళు జీడిపల్లి రిజర్వాయరుకు చేరినాయి. శ్రీశైలం వెనకనీళ్ళను ఎత్తిపోస్తూ ఇంతదూరం తెచ్చినారు. నీళ్ళొచ్చిన పల్లె ఎట్ల మారుతుంది? భూమి ధర ఎవరికి లాభం? కాలవ పక్కన ఉన్నవాడికి, కాలవకు భూమి పోయినవాడికి, మైలు దూరంలో చూస్తూ ఉండిపోయినవాడికి ఎవరికేమయింది? చీనీ తోట మళ్ళీ ఎవరు పెట్టినారు? ఒక నెల తిరిగి రాస్తానన్నాను.

"నీళ్ళొచ్చినాయంటే గవర్నమెంటు యాడ్ లాగుంటదన్నా. ఏమన్నా అవినీతి ఉందా?"

"ఉంటే రాస్తా. లేకుంటే ఉన్నది రాస్తా."

"ఆలోచిద్దాం."

ఎండితే కథ, పారితే ప్రకటన. మధ్యలో బతికే జనం ఏ పేజీలోకి వస్తారో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కథా సంకలనాలు కూర్చేవాళ్ళూ సీమ కథంటే కరువు కథ, లేకుంటే ఫ్యాక్షను కథే అడుగుతారు. మా వీధిలో ప్రేమించుకున్న జంట, వీణ నేర్చుకునే పిల్ల, పరీక్ష తప్పిన కుర్రోడు ఏ ప్రాంతానికి చెందుతారో!

అక్టోబర్ 21

విద్వాన్ విశ్వం పుట్టింది 1915లో, ఇదే నెలలో, తరిమెలలో. అనంతపురంలోనే నవ్య సాహిత్యమాల నడిపినాడు, యుద్ధకాలంలో తరిమెల నాగిరెడ్డితోపాటు జైలుకు పోయినాడు. తర్వాత పత్రికలు. ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకుడిగా తెలుగు దేశమంతా తెలిసినాడు. 'మాణిక్యవీణ' శీర్షిక కోసం ఎదురుచూసిన తరం ఉంది. సంస్కృతం నుంచి చేసిన అనువాదాలు ఒక అలమర. 1987లో పోయినాడు.

అందరూ చెప్పుకునేది 'పెన్నేటి పాట'. రాయలసీమ రైతు రంగడు, గంగమ్మల బతుకు మీద తెలుగులో అంతటి కావ్యం మళ్ళీ రాలేదు. ఈ పెన్నేటి ఒడ్డు వదిలి పత్రికోద్యోగాల్లో దూరాన ఉన్న మనిషి అది రాసినాడు. దూరం పోతేనే రాయగలిగినాడా, ఇక్కడే ఉంటే ఇంకేదయినా రాసేవాడా అని మిత్రులం రాత్రి చాలాసేపు వాదించుకున్నాము. నా వరకు ఒకటి తేలింది. ఆయనను కరువు గురించి రాయమని ఏ ఎడిటరూ ఆర్డరివ్వలేదు. ఎడిటరు ఆయనే. పప్పూరుకు అచ్చుకూటం, విశ్వానికి సంపాదకుడి కుర్చీ, సింగమనేనికి ఒకటో తేదీ జీతం. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉన్నప్పుడే ఈ నేల తన మాట తాను మాట్లాడింది. మూడూ లేనప్పుడు బయటివాళ్ళు అడిగిన మాట మాట్లాడింది.

నవంబర్ 3

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తుంది, కథలు రాస్తుంది. రెండు అచ్చయినాయి. ఉద్యోగం మానేసి రాసుకుని బతకాలని ఉందంట. ఇంట్లో అమ్మకు చెప్పలేదు.

"మానొద్దు. ఇంకా ఏడాది ఆగు" అన్నాను. "ముందు అనువాదం నేర్చుకో, బియ్యం అందులో ఉన్నాయి. ఎంతిస్తారని రాయకముందు అడుగు. రాసినాక అడిగితే బతిమాలినట్టుంటుంది. మెయిల్లో రాయించుకో. కథ హక్కులు నీ దగ్గరే పెట్టుకో, ఒక్కసారి అచ్చుకు మాత్రమే ఇస్తున్నానని రాయి. నోటు పుస్తకాలు పారేయొద్దు, పేపరు కటింగు తేదీతో దాచు. నీకు ఊళ్ళో సమాచారం చెప్పినవాళ్ళకు అచ్చయిన కాపీ చేర్చు. కరువు మీద రాయమని అడిగితే రాయి, బాగా రాయి. ఆ డబ్బుతో వాళ్ళు అడగనిది ఒకటి రాయి. ఏడాదికి ఒకటయినా చాలు."

పెన్నుతో అన్నీ రాసుకుంది. లేస్తూ అడిగింది.

"అన్నా, మీరు ఈ ఏడాది వాళ్ళు అడగనిది ఏం రాసినారు?"

జీడిపల్లి వ్యాసం సంగతి చెప్పినాను. ఎవరూ తీసుకోలేదని కూడా చెప్పినాను.

"తీసుకోకుంటే రాయరా?"

ఈ పిల్ల ఏడాది ఆగదు. ఆమె పోయినాక మండలం మిత్రుడికి ఫోను చేసినాను. రేపు పొద్దున మొదటి బస్సుకు ఉరవకొండ, అక్కడినుంచి వాడి బండి మీద జీడిపల్లి. పెట్రోలు ఖర్చు చెరిసగం. పేర్లు రెండూ.